ఇంటి రీఫ్ ట్యాంక్‌కి ప్రోటీన్ స్కిమ్మర్ ఎంచుకోవడం ఎలా?

కందిపప్పు ఉడుకుతున్నప్పుడు పైన తేలే తెట్టును గరిటెతో తీసి పారబోస్తాం. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లు చెరకు రసం మరుగుతున్నంతసేపూ మడ్డి తీస్తూనే ఉంటారు. చేపలతో పాటు కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, అంటే రీఫ్ ట్యాంక్‌లో, ప్రోటీన్ స్కిమ్మర్ చేసే పనీ ఇదే. కాకపోతే ఇక్కడ మంట బదులు గాలి బుడగలు, గరిటె బదులు ఒక కప్పు.

చేపల విసర్జనలో, మిగిలిపోయిన మేతలో, కోరల్స్ వదిలే జిగురులో కొన్ని రకాల అణువులుంటాయి. వాటి ఒక కొసకి నీళ్లంటే ఇష్టం, రెండో కొసకి గిట్టదు. అందుకని అవి నీరూ గాలీ కలిసే చోటు వెతుక్కుని అక్కడ అతుక్కుంటాయి. బుడగ పైకి పోతూ వాటిని మోసుకుపోతుంది. పైకి చేరాక నురగై, సన్నటి మెడ లాంటి గొట్టం ఎక్కి కప్పులో పడుతుంది. మంచినీటి ట్యాంక్‌లో ఈ ఆట సాగదు. అక్కడ చిన్న బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెద్దవై, టప్పున పగిలిపోతాయి. సముద్రపు నీటిలోని లవణాలు బుడగలను అలా కలవనివ్వవు. వైజాగ్ బీచ్‌లో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద మిగిలే నురగ వెనక ఉన్నదీ ఈ సూత్రమే.

ముందే ఒక మాట చెప్పేస్తాను: పెట్టె మీద రాసిన లీటర్లు చూసి స్కిమ్మర్ కొనకండి. నేను అలాగే కొన్నాను. మా ఫ్లాట్‌లో ఉన్నది 3 అడుగుల ట్యాంక్. "పెద్దదే తీసుకోండి సార్, ఎంత పెద్దదైతే అంత మంచిది" అన్నాడు షాపతను. పెట్టె మీద 800 లీటర్లు అని ఉంది. తెచ్చి పెట్టాను. బుడగలు బ్రహ్మాండంగా వచ్చేవి, నురగ మాత్రం మెడలో సగం దాకా ఎక్కి అక్కడే ఆగిపోయేది. రెండు నెలలు కప్పు ఎండిపోయే ఉంది. స్కిమ్మర్‌లో లోపమేమీ లేదు. ఆ మెడ నింపడానికి సరిపోయేంత మురికి నా ట్యాంక్‌లో లేదు, అంతే.

1. అసలు మీకు కావాలా?

ట్యాంక్ 80, 100 లీటర్ల లోపు ఉండి, రెండు మూడు చిన్న చేపలే ఉంటే స్కిమ్మర్ లేకుండా గడిచిపోతుంది. వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చడం చాలు. 60 లీటర్ల ట్యాంక్‌కి అది ఒక చిన్న బకెట్. అదే 400 లీటర్ల ట్యాంక్ అయితే వారం వారం 50 లీటర్ల ఆర్‌ఓ నీళ్లు పట్టి, ఉప్పు కలిపి, పాత నీళ్లు తోడి పోయాలి. మొదటి నెల సరదాగానే ఉంటుంది. నాలుగో నెలకి నడుం పట్టేస్తుంది. స్కిమ్మర్ విలువ తెలిసేది అప్పుడే.

అలాగని దాని మీద లేనిపోని ఆశలు పెట్టుకోకండి. నైట్రేట్‌ని, నీళ్లలో కరిగిపోయిన ఫాస్ఫేట్‌ని అది నేరుగా తీయదు. కుళ్లి నైట్రేట్‌గా మారాల్సిన సరుకును కుళ్లకముందే కొంత బయటికి పంపుతుంది. ఎంత పంపుతుంది? పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ ఈ విషయం మీద ప్రయోగాలు చేశారు. నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో స్కిమ్మర్లు తీయగలిగింది సుమారు 20 నుంచి 30 శాతమే. వేర్వేరు డిజైన్ల మధ్య తేడా కూడా ఊహించినంత కనిపించలేదు. ధర రెట్టింపు పెడితే నీళ్లు రెట్టింపు శుభ్రమవుతాయనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

దీని వల్ల ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. రోజంతా అన్ని లీటర్ల గాలి నీళ్లలో కలుస్తుంది కాబట్టి ఆక్సిజన్ బాగా అందుతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్లలో ట్యాంక్ 29 డిగ్రీలు దాటితే ఈ లాభమే చేపల్ని కాపాడుతుంది.

2. నీళ్లు లెక్కపెట్టండి

నా ట్యాంక్ 36 × 18 × 18 అంగుళాలు. గుణిస్తే 191 లీటర్లు. గాజు మందం, పైన వదిలిన ఖాళీ, లోపల రాళ్లు తీసేస్తే మిగిలేది 155 దాకా. కింద సంప్‌లో 24 × 14 అంగుళాల మేర 8 అంగుళాల ఎత్తు నీళ్లుంటాయి, అంటే 44 లీటర్లు. మొత్తం కలిపి 200. (సంప్ అంటే అపార్ట్‌మెంట్ కింద మున్సిపల్ నీళ్లు నిలవచేసే సంపు కాదండీ. ట్యాంక్ కింద క్యాబినెట్‌లో పెట్టే చిన్న గాజు తొట్టి, లోపల అడ్డుగోడలతో గదులుగా ఉంటుంది.) అంగుళాల గుణింతాన్ని 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి.

3. మేత లెక్క చూడండి

అసలు లెక్క ఇది. ట్యాంక్‌లోకి పోయే మురికిలో దాదాపు అంతా మీ చేతి మీదుగా మేత రూపంలో వెళ్లిందే. 200 లీటర్లలో ఒక జత క్లౌన్ ఫిష్, ఒక గోబీ ఉండి, రోజుకోసారి చిటికెడు గింజలు వేస్తే అది తేలిక లోడు. అన్ని నీళ్లలోనే ఏడెనిమిది చేపలుండి, పొద్దున్నా సాయంత్రం ఫ్రోజెన్ మైసిస్ (చిట్టి రొయ్యల్లాంటి జీవుల) క్యూబులు వేస్తుంటే అది భారీ లోడు. ఈ రెండిటికీ ఒకే స్కిమ్మర్ సరిపోదు.

కంపెనీలు పెట్టె మీద వేసే అంకె చాలాసార్లు తేలిక లోడుకి సంబంధించింది. దీనికి అందరూ పాటించే ప్రమాణమంటూ లేదు. కొందరు తేలిక, మధ్యస్థం, భారీ అని మూడు అంకెలు వేస్తారు, వాళ్లు కాస్త నయం. ఒకటే అంకె ఉంటే భారీ లోడుకి దాన్ని సగం చేసి చూసుకోండి. తేలిక లోడైతే అంకె మీ నీళ్లకి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. రెట్టింపు, మూడింతలు వద్దు.

పెంచే కోరల్స్‌ని బట్టి కూడా లెక్క మారుతుంది. లెదర్ కోరల్స్, మష్రూమ్‌లు, జోయాంతిడ్‌లు లాంటి మెత్తటి కోరల్స్ కొంచెం పోషకాలున్న నీటిలోనే బాగా ఉంటాయి. వాటికి చిన్న స్కిమ్మర్ చాలు. నీళ్లు మరీ కడిగినట్టుంటే అవి ముడుచుకుపోతాయి. మరో విషయం: మన దేశంలో రాతి పగడాలు, సీ ఫ్యాన్‌లు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. సముద్రంలోంచి తీసినవని ఎవరైనా లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి) గానీ పగడం గానీ అమ్మజూపితే దాని జోలికి పోకండి. పొడి రాయితో మొదలుపెట్టినా ట్యాంక్ కుదురుకుంటుంది, కాకపోతే కొన్ని నెలలు ఎక్కువ పడుతుంది.

4. టేపు తీసుకుని క్యాబినెట్ తలుపు తెరవండి

కొనేముందు మోకాళ్ల మీద కూర్చుని మూడు కొలతలు తీసుకోండి.

ఒకటి, సంప్‌లో స్కిమ్మర్ గది పొడవు, వెడల్పు. స్కిమ్మర్ గొట్టం ఒక్కటే కాదు, పక్కకి పొడుచుకొచ్చే పంపు, గాలి ట్యూబు కూడా అందులో పట్టాలి.

రెండు, ఎత్తు. స్కిమ్మర్ ఎత్తు 18 అంగుళాలు, క్యాబినెట్ లోపలి ఎత్తూ అంతే అయితే అది లోపలికి వెళ్తుంది గానీ కప్పు పైకి ఎత్తడానికి చోటుండదు. పైన కనీసం 3, 4 అంగుళాల ఖాళీ ఉండాలి. నిండిన కప్పును వంచి తీస్తే అందులో ఉన్నదంతా మళ్లీ సంప్‌లోనే పడుతుంది. ఆ వాసన గురించి ఇక్కడ రాయను.

మూడోది ముఖ్యమైనది: నీటి లోతు. సంప్‌లో నిలబెట్టే స్కిమ్మర్లలో ఎక్కువ వాటికి 6 నుంచి 9 అంగుళాల లోతు కావాలి. మోడల్‌ని బట్టి ఇది మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. అంతకన్నా ముఖ్యం ఆ లోతు రోజూ ఒకేలా ఉండటం. ఒక్క అంగుళం పెరిగితే కప్పు పొంగుతుంది, తగ్గితే నురగ పడిపోతుంది. అందుకే రిటర్న్ పంపు (సంప్ నీళ్లను తిరిగి పై ట్యాంక్‌కి తోసేది) ఉన్న గదిలో స్కిమ్మర్ పెట్టకూడదు. ఆవిరైన నీళ్ల లోటంతా కనిపించేది ఆ గదిలోనే. ఎండాకాలంలో ట్యాంక్ మీద ఫ్యాన్ పెట్టి చల్లబరిచే ఇళ్లలో రోజుకు కొన్ని లీటర్లు ఆవిరైపోతాయి. అడ్డుగోడతో మట్టం నిలకడగా ఉండే గదిలో పెట్టండి. గది మరీ లోతుగా ఉంటే స్కిమ్మర్ కింద యాక్రిలిక్ స్టాండ్ వేసి ఎత్తు సరిచేయొచ్చు. ఎండాకాలానికి ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన లోటును దానంతటదే మంచినీళ్లతో నింపే పరికరం) కూడా ఉంటే టెన్షన్ ఉండదు.

సంప్ లేనివాళ్లకి ట్యాంక్ అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ రకం ఉంది. వెనక గదులున్న ఆల్ ఇన్ వన్ ట్యాంకులకి సన్నటి నానో స్కిమ్మర్లు దొరుకుతాయి. హ్యాంగ్ ఆన్ రకంలో భయమంతా ఒక్కటే, పొంగితే మురికి సంప్‌లోకి కాదు, నేల మీదకి పోతుంది. కింద స్విచ్ బోర్డు లేకుండా చూసుకోండి.

5. స్పెసిఫికేషన్లలో చూడాల్సింది గాలి, ఒళ్లు, మెడ

ఇప్పుడు ఇళ్లకి అమ్మే స్కిమ్మర్లలో ఎక్కువభాగం నీడిల్ వీల్ రకమే. పంపు లోపల తిరిగే చక్రానికి మామూలు రెక్కల బదులు దువ్వెన పళ్లలా సన్నటి ముళ్లుంటాయి. గాలినీ నీళ్లనీ కలిపి అవి ముక్కలు ముక్కలుగా చిదిమేస్తాయి. బుడగ ఎంత చిన్నదైతే అంత లాభం. అంతే గాలిని 2 మిల్లీమీటర్ల బుడగలుగా కాక అర మిల్లీమీటర్ బుడగలుగా చేస్తే మురికి అంటుకునే ఉపరితలం నాలుగు రెట్లవుతుంది. షాపులో స్కిమ్మర్ నడుస్తుంటే లోపలికి చూడండి. నీళ్లు పాలలా తెల్లగా కనబడాలి. సోడా సీసాలోలా ఒక్కో బుడగా విడిగా లెక్కపెట్టేలా ఉంటే వద్దు.

గాలి: గంటకు ఎన్ని లీటర్ల గాలి లాగుతుందో స్పెసిఫికేషన్లలో ఉంటుంది. పంపు తోసే నీళ్ల అంకె పక్కనే ఉంటుంది, దాన్ని చూసి పొరబడకండి. నేను వాడే కొలమానం ఇది: మొత్తం నీళ్లకి ఒకటిన్నర నుంచి రెండింతల గాలి. 200 లీటర్లకి గంటకు 300 నుంచి 400 లీటర్ల గాలి చాలు.

ఒళ్లు: అంటే బుడగలు పైకి ఎక్కే గొట్టం. గాలికి తగ్గ వెడల్పు లేకపోతే లోపలంతా సుడులు తిరిగి నురగ విరిగిపోతుంది. అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడే కోన్ ఆకారం వాటిలో నురగ నెమ్మదిగా, చెదరకుండా ఎక్కుతుంది. ఆ ఆకారం ఉంటే మంచిదే. లేదని మంచి పంపున్న మోడల్‌ని వదులుకోవద్దు.

మెడ: నా మొదటి స్కిమ్మర్ కథంతా ఇక్కడే ఉంది. నురగని నిలబెట్టేది అందులోని మురికే. మెడ వెడల్పయితే దాన్ని నింపి పైకి నెట్టడానికి ఎక్కువ మురికి కావాలి. తేలిక లోడు ట్యాంక్‌లో అంత మురికి ఎక్కడిది? నురగ సగంలో పగిలి కిందకి జారిపోతుంది. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే, చేపలు తక్కువున్నవాళ్లు మెడ సన్నగా ఉన్నది, మేత ఎక్కువ వేసేవాళ్లు మెడ వెడల్పుగా ఉన్నది తీసుకోండి.

6. పంపు, కరెంటు

ఏసీ పంపు ఉన్నవి చవక. ఏళ్ల తరబడి నడుస్తాయి, కానీ ఒకటే వేగం. డీసీ పంపుకి కంట్రోలర్ ఉంటుంది, వేగం తగ్గించుకోవచ్చు, శబ్దం తక్కువ. హాల్లోనో పడగ్గదిలోనో ట్యాంక్ ఉంటే డీసీకి పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. 20 వాట్ల పంపు నెలంతా నడిస్తే 14 యూనిట్ల పైచిలుకు, కాబట్టి బిల్లు గురించి దిగులక్కర్లేదు.

అమెరికా నుంచి అన్నయ్యతోనో బావగారితోనో తెప్పించుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడి ఏసీ పంపు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. మన 230 వోల్టుల సాకెట్లో పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించినా హెర్ట్జ్ మారదు. 60లో నిమిషానికి 3600 చుట్లు తిరగాల్సిన మోటారు మన 50లో 3000 దగ్గరే ఆగుతుంది, ఆ మేరకు గాలీ తగ్గుతుంది. డీసీ మోడల్ అయితే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి. ఉంటే పిన్ను మార్చుకుంటే సరిపోతుంది.

కరెంటు పోయినప్పుడు జరిగేది కొనేముందే తెలుసుకోవాలి. రిటర్న్ పంపు ఆగగానే పై ట్యాంక్‌లోంచి కొన్ని లీటర్లు కిందకి దిగి సంప్ మట్టం పెరుగుతుంది. స్కిమ్మర్ ఒక్కదాన్నే ఇన్వర్టర్ మీద పెట్టారనుకోండి, ఆ పెరిగిన నీళ్లలో అది నడిచి కప్పు పొంగిస్తుంది. రెండూ ఆగి, రెండూ ఒక్కసారే మొదలైనా పై ట్యాంక్ నిండేదాకా అదే గొడవ. రిటర్న్ మొదలయ్యాక కొన్ని నిమిషాలకి స్కిమ్మర్ అందుకునేలా డిలే టైమర్ పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద ఒకటే పెట్టగలిగితే అది స్కిమ్మర్ కాదు, పై ట్యాంక్‌లో నీళ్లను కదిలించే పంపు, అంటే వేవ్‌మేకర్.

7. బ్రాండు కన్నా ముందు స్పేర్లు

మన దగ్గర రీఫ్ ఆక్టోపస్, బబుల్ మేగస్ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. జర్మనీవి కావాలంటే టున్జే, డెల్టెక్, నయోస్ ఉన్నాయి, ధర కూడా జర్మనీదే. అమ్మేవాణ్ని నేనడిగే మొదటి ప్రశ్న: "దీని ఇంపెల్లర్ విడిగా దొరుకుతుందా?" ఇంపెల్లర్ అంటే పంపులోని ఆ ముళ్ల చక్రం, అరిగేది, విరిగేది అదే. దొరకదంటే ఆ మోడల్‌ని పక్కన పెట్టేస్తాను. ఇంకా, కప్పు ఒక్క చేత్తో తిప్పి తీయగలిగేలా ఉందా, అడుగున డ్రెయిన్ ట్యూబు పెట్టుకునే దారి ఉందా, గాలి లాగే శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉందా అన్నది చూడండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే పంపు విప్పించి చూడండి. ముళ్లు విరిగాయా, సిరామిక్ షాఫ్ట్‌కి పగులుందా, ఒంటికి వెంట్రుక లాంటి గీతలున్నాయా అని గోరుతో తడిమి చూడండి. ఉప్పు పేరుకుపోయి ఉంటే ఫర్వాలేదు, వెనిగర్‌లో పోతుంది.

8. ఇంటికి తెచ్చాక

వెనిగర్ కలిపిన నీళ్లలో ఓసారి కడిగి పెట్టండి. తయారీలో అంటుకున్న నూనె, కొత్త ప్లాస్టిక్ పూత పోయేదాకా నురగ కుదరదు. కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోపు సన్న బుడగలు పై ట్యాంక్‌లోకి కూడా వస్తాయి, కంగారు పడొద్దు.

మొదటి రోజు నీళ్లు బయటికి పోయే వాల్వు పూర్తిగా తెరిచి ఉంచండి, లోపల మట్టం కిందే ఉంటుంది. తర్వాత రోజుకి కొంచెం, పావు చుట్టు చొప్పున మూస్తూ రండి. నీళ్లు ఆగి నురగ మొదలయ్యే గీత మెడ అడుగున నిలిస్తే అక్కడ వదిలేయండి. పది నిమిషాలకోసారి తిప్పేవాళ్లకి స్కిమ్మర్ ఎప్పటికీ కుదరదు.

కప్పులో పడేది ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. పల్చటి టీ రంగులో రోజూ నిండిపోతుంటే తడి ఎక్కువైంది, మురికితో పాటు ఉప్పునీళ్లూ పోతున్నాయి. రోజుకు అర లీటరు అలా పోయి, ఆటో టాప్ ఆఫ్ ఆ లోటును మంచినీళ్లతో పూడిస్తే నెలకి 15 లీటర్లు. 200 లీటర్ల ట్యాంక్‌లో లవణీయత 35 నుంచి 32.5 దగ్గరికి పడిపోతుంది. కోరల్స్ ఎందుకు ముడుచుకున్నాయా అని ఇంకేవేవో టెస్టులు చేస్తూ కూర్చుంటాం.

మేత వేశాక గంటో రెండు గంటలో నురగ పడిపోతే అది మేతలోని నూనె పని, దానంతటదే లేస్తుంది. కోరల్స్ అంటించడానికి ఎపాక్సీ వాడిన రోజు మాత్రం స్కిమ్మర్ ఆపేయండి. ఒకసారి నేను ఆపకుండా పడుకున్నాను. పొద్దున లేచేసరికి కప్పు, దాని కింద పెట్టిన సీసా, క్యాబినెట్ చెక్క, ముందున్న పట్టా అన్నీ తడిసి ఉన్నాయి. మా ఆవిడ ఆ పట్టాను తిరిగి ఇంట్లోకి రానివ్వలేదు.

స్కిమ్మర్ పీల్చేది మన గది గాలినే అన్న సంగతి మర్చిపోవద్దు. ఏసీ వేసి తలుపులన్నీ మూసిన గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ పెరిగి ట్యాంక్ పీహెచ్ పడిపోతుంది. గాలి ట్యూబును కిటికీ బయటికి తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇంట్లో సాంబ్రాణి వేసినా, దోమల చుట్ట వెలిగించినా ఆ పొగ నేరుగా నీళ్లలోకి వెళ్తుంది. బొద్దింకల స్ప్రే అయితే మరీ ప్రమాదం. అందులోని పైరెత్రాయిడ్ మందులు రొయ్యల్ని, చేపల్ని చంపుతాయి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజు స్కిమ్మర్ ఆపి, ట్యాంక్ కప్పేసి, గది గాలి పూర్తిగా మారాకే మళ్లీ వేయండి.

రెండు మూడు రోజులకోసారి మెడ లోపల పేరుకున్న జిడ్డు తుడవండి. అది ఉంటే నురగ పైకి ఎక్కదు. గాలి ట్యూబు కొసలో ఉప్పు గడ్డకట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లు పీల్పించండి. మూడు నెలలకోసారి పంపు విప్పి వెనిగర్‌లో గానీ నిమ్మ ఉప్పు నీళ్లలో గానీ నానబెట్టండి.

నా పాత 800 లీటర్ల స్కిమ్మర్‌ని 6 అడుగుల ట్యాంక్ ఉన్న స్నేహితుడికిచ్చాను. వాడి ట్యాంక్‌లో మూడు టాంగ్ చేపలున్నాయి, రోజుకు మూడుసార్లు మేత వేస్తాడు. పెట్టిన వారంలోపే కప్పు నల్లగా నిండిన ఫొటో పంపాడు.